“ఇదెందుకు పెట్టారు సార్?”: వాల్యూ ఇంజనీరింగ్‌పై అపోహలు - వాస్తవాలు

టెండర్లు తెరిచారు. అంచనా కంటే బాగా ఎక్కువ వచ్చింది. మర్నాడే మీటింగు, “సార్, కొంచెం వాల్యూ ఇంజనీరింగ్ చేసిపెట్టండి” అని ఫోను. అలా అన్నారంటే ఏం కావాలో నాకు ముందే అర్థమైపోతుంది. పెయింటు ఒక కోటు తగ్గాలి, టైల్స్ రకం మారాలి, టెర్రస్ వాటర్‌ప్రూఫింగ్ మీద గీత పడాలి. స్ట్రక్చరల్ కన్సల్టెంటుగా ఇలాంటి మీటింగుల్లో చాలా టీలు తాగాను. వాల్యూ ఇంజనీరింగ్ అంటే, చేయాల్సిన పని చెడకుండా ఆ పనిని తక్కువ ఖర్చుతో చేసే దారి వెతకడం. కోతకే ఈ పేరు పెట్టేసుకున్నాం కాబట్టి అసలు పని గురించి నాలుగు మాటలు చెప్పాలనిపించింది.

అపోహ: ఖర్చు తగ్గితే చాలు, అదే వాల్యూ ఇంజనీరింగ్.

వాస్తవం: ఇది పుట్టింది కట్టడాల్లో కాదు, ఫ్యాక్టరీలో. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్‌కు సామాను దొరకడం కష్టమైంది. అక్కడ కొనుగోళ్లు చూసే లారెన్స్ మైల్స్ అనే ఇంజనీరు, అడిగిన వస్తువు దొరక్కపోతే “ఇది చేసే పని ఇంకేదైనా చేస్తుందా?” అని వెతికేవాడు. 1947 ప్రాంతంలో దాన్నే ఒక పద్ధతిగా మలిచాడు. 1954లో అమెరికా నౌకాదళం దాన్ని తీసుకుని వాల్యూ ఇంజనీరింగ్ అని పిలిచింది.

అంటే లెక్క మొదలయ్యేది రేటు దగ్గర కాదు, పని దగ్గర. ఒక గోడ ఏం చేస్తుంది? బరువు మోస్తుంది, లేదా చోటు విడదీస్తుంది, లేదా శబ్దం ఆపుతుంది, లేదా మంటను ఆపుతుంది. చోటు విడదీయడం ఒక్కటే దాని పని అయితే మందపు ఇటుక గోడ అక్కర్లేదు, తేలిక బ్లాకులు చాలు. గోడ బరువు తగ్గితే కింద బీముకు, పిల్లరుకు, పునాదికి కూడా బరువు తగ్గుతుంది. అదే గోడ మెట్ల దారి పక్కన మంటను ఆపాల్సిందైతే, ఆ పని చేస్తుందని పరీక్షలో తేలిన గోడే కట్టాలి. అక్కడ బేరాల్లేవు.

ఇప్పుడు వాటర్‌ప్రూఫింగ్ సంగతి చూడండి. దాని పని నీళ్లను ఆపడం. దాన్ని కొట్టేస్తే ఆ పని చేసేవాడెవడు? ఎవడూ లేడు. అదే పని చేసే ఇంకో పద్ధతి చూపించగలిగితే మాట్లాడుకుందాం. లేకపోతే ఇవాళ మిగిలిందనుకున్న డబ్బు రేపు సీలింగు పెచ్చుల రూపంలో తిరిగొస్తుంది.

అపోహ: సామాను ఎంత తగ్గిస్తే ఖర్చు అంత తగ్గుతుంది.

వాస్తవం: నాకు బాగా ఇష్టమైన అపోహ ఇది, ఎందుకంటే కొత్త ఇంజనీర్లు కూడా నమ్ముతారు. పది అంతస్తుల బిల్డింగులో పైకి వెళ్లేకొద్దీ బరువు తగ్గుతుంది కదా అని ప్రతి రెండు ఫ్లోర్లకూ పిల్లరు సైజు తగ్గించారనుకోండి. కాంక్రీటు మిగులుతుంది. కానీ సైజు మారిన ప్రతిసారీ షట్టరింగ్, అంటే కాంక్రీటు పోసే అచ్చు, మార్చాలి, పిల్లరు కడ్డీలు లోపలికి వంచాలి, బీము కొలతలు మారతాయి, కార్పెంటరు ఆగిపోతాడు. కాంక్రీటు ఫ్రేము ఖర్చులో షట్టరింగ్ వాటా చిన్నదేమీ కాదు. సైజు అలాగే ఉంచి, పైన కాంక్రీటు గ్రేడూ స్టీలూ తగ్గిస్తే చాలాసార్లు అదే చౌక.

బేస్‌మెంట్ విషయం ఇంకా తమాషాగా ఉంటుంది. పై స్లాబుకు 650 మిల్లీమీటర్ల లోతు బీములు, వాటి కింద గాలి డక్టు. కింద బండ్లకు ఎత్తు కావాలి కాబట్టి తవ్వకం 4 మీటర్లకు పోయింది. బీములు తీసేసి 250 మిల్లీమీటర్ల ఫ్లాట్ స్లాబ్ వేస్తే కాంక్రీటు, స్టీలు పెరగొచ్చు. స్లాబు ఖర్చొక్కటే చూసేవాళ్లు “ఎక్కువైంది” అంటారు. కానీ లోతు 40 సెంటీమీటర్లు తగ్గింది. చుట్టూ మట్టిని ఆపే రిటైనింగ్ గోడను ఆ మట్టి తోస్తుంది; దానివల్ల గోడ అడుగున వచ్చే బెండింగ్ మూమెంట్, అంటే గోడను వంచే ప్రభావం, ఎత్తును ఎత్తుతో, మళ్లీ ఎత్తుతో గుణించిన లెక్కన పెరుగుతుంది. గోడ వెనక నేల మీద తిరిగే బండ్ల బరువు పక్కనపెడితే, 4 మీటర్లు 3.6 అయ్యేసరికి ఆ మూమెంట్ పావు వంతుకు పైగా పడిపోతుంది. తవ్వకం తగ్గింది, మట్టి ఎత్తిపోత తగ్గింది, ర్యాంపు పొట్టిదైంది. ఈ లెక్క స్లాబు కాగితంలో ఎక్కడా కనబడదు. ఆర్కిటెక్టు, స్ట్రక్చరల్, ఏసీ, ప్లంబింగ్ వాళ్లు ఒకే బల్ల దగ్గర కూర్చుంటేనే బయటపడుతుంది. వాళ్లను కూర్చోబెట్టి పోట్లాట కాకుండా చూడటమే బిల్డింగ్ కన్సల్టెంటు పనిలో సగం.

అపోహ: డ్రాయింగులన్నీ అయ్యాక పిలిస్తే సరిపోతుంది.

వాస్తవం: ఒక ప్రాజెక్టులో పై గదుల పిల్లర్లు కింద పార్కింగ్ దారిలోకి దిగుతున్నాయి. వాటిని మధ్యలోనే ఆపి మోయడానికి ట్రాన్స్‌ఫర్ గర్డరు, అంటే మనిషి ఎత్తు లోతున్న పెద్ద బీము, పెట్టారు. ప్లాను దశలో గోడ వరసను 60 సెంటీమీటర్లు జరిపితే ఆ గర్డరే ఉండేది కాదు. మమ్మల్ని పిలిచేసరికి అనుమతులొచ్చాయి, ఫ్లాట్లు బుక్ అయ్యాయి. గోడ కదల్లేదు. గర్డరు ఇప్పటికీ అక్కడే ఉంది, దాని కిందనుంచి ఎత్తు బండ్లు వెళ్లలేవు.

అపోహ: కన్సల్టెంటుకు ఫీజు శాతాల్లో కదా, ఖర్చు తగ్గిస్తాడా?

వాస్తవం: ఇది పూర్తిగా అపోహ అనలేను. ప్రాజెక్టు ఖర్చులో శాతం ఫీజైతే, బాగా పనిచేసినందుకు ఫీజు తగ్గుతుంది. మనుషులం కదా. అందుకే వాల్యూ ఇంజనీరింగ్ సమీక్షకు ముందే ఒక మొత్తం మాట్లాడుకోవడం మంచిది. మిగిలినదాంట్లో వాటా ఇస్తామంటే చూపు మళ్లీ కోతల మీదికే పోతుంది.

అపోహ: మార్పు చెప్పారంటే మొదటి డిజైను తప్పన్నమాట.

వాస్తవం: ఇది ఓనర్లకంటే మా ఇంజనీర్లకే ఎక్కువ. నాకూ ఉండేది. ఆఫీసు ఫ్లోరుకు సాధారణంగా చదరపు మీటరుకు 2.5 నుంచి 4 కిలోన్యూటన్ల లైవ్ లోడు, అంటే మనుషులూ సామానూ మోపే బరువు, తీసుకుంటాం (ఒక కిలోన్యూటన్ అంటే సుమారు వంద కిలోల బరువు). ఒక బిల్డింగుకు నేను అన్ని ఫ్లోర్లకూ 5 వేశాను. “ఫైళ్లు ఎక్కడైనా పెట్టుకోవచ్చు” అని ఓనరు ఎప్పుడో అన్న మాట నోట్‌బుక్‌లో ఉంది, అంతే. సమీక్షకు వచ్చిన కన్సల్టెంటు, వయసులో నాకంటే చిన్నవాడు, నా డ్రాయింగు మీద వేలు పెట్టి “ఇదెందుకు పెట్టారు సార్?” అన్నాడు. లోపల మండింది. “సేఫ్టీ” అన్నాను. అతను నాతో వాదించకుండా ఓనరు వైపు తిరిగి “ఫైళ్లు ఎన్ని గదుల్లో ఉంటాయండీ?” అని అడిగాడు.

“ఒక్క గదేనండీ. అదీ మూడొంతులు కంప్యూటర్‌లోకి ఎక్కించేశాం.”

ఫైళ్ల గది గ్రౌండ్ ఫ్లోరుకు వెళ్లింది. పై ఫ్లోర్ల బీములన్నీ నేనే మళ్లీ డిజైను చేశాను, మూడు రాత్రులు కూర్చుని, అదనపు ఫీజు అడక్కుండా. నోట్‌బుక్‌లో ఆ మాట పక్కన ఎర్ర పెన్నుతో ఇప్పటికీ ఒక ప్రశ్నార్థకం ఉంది.