వికటకవిని తిరగేస్తే పైథాన్ ఎందుకు కాదంటుంది?

మద్దిలపాలెం నుంచి డిగ్రీ చదువుతున్న ఒక పాఠకురాలి ప్రశ్న ఇది: "ల్యాబ్‌లో పాలిండ్రోమ్ (ఎటు నుంచి చదివినా ఒకేలా ఉండే మాట) ప్రోగ్రామ్ రాయించారు. ఇంగ్లిష్ మాటలకి బాగానే పనిచేస్తోంది. వికటకవి ఇస్తే మాత్రం ఫాల్స్ అంటోంది. తప్పు నా ప్రోగ్రామ్‌దా, పైథాన్‌కి తెలుగు రాదా?"

స్ట్రింగ్ లోపల ఏముంటుందో తెలుసుకోవడానికి ఇంతకన్నా మంచి ప్రశ్న దొరకదు. పైథాన్‌ని ఎలా ఇన్‌స్టాల్ చేయాలి, వేరియబుల్ అంటే ఏమిటి లాంటివి ఎక్కడైనా దొరుకుతాయి కాబట్టి వదిలేస్తున్నాను. ఒక్క మాట ముందే చెప్పాలి. ఫంక్షన్ల పేర్లను ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నాను, మీరు టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్‌లోనే కొట్టండి. వేరియబుల్ పేర్లు మాత్రం నిజంగానే తెలుగులో ఉండవచ్చు. 2008లో వచ్చిన పైథాన్ 3 నుంచి ఆ వీలుంది. కాబట్టి ఈ రెండు వరుసలూ ఉన్నవి ఉన్నట్టుగా నడుస్తాయి:

పదం = "వికటకవి"
పదం == పదం[::-1]

రెండో వరుస అడుగుతున్నది ఇదీ: పదాన్ని చివరి నుంచి మొదటికి చదివితే అదే పదం వస్తుందా? జవాబు ఫాల్స్. లెన్(పదం) అని పొడవు అడగండి, 7 అంటుంది. మనం పలికేవి అయిదే: వి, క, ట, క, వి. తేడా ఎక్కడొచ్చిందో చూడాలంటే ఒక్కొక్క గుర్తునీ ఆర్డ్ ఫంక్షన్‌కి ఇచ్చి అంకెలు రాబట్టాలి:

3125, 3135, 3093, 3103, 3093, 3125, 3135

3125 అంటే వ. 3135 అంటే గుడి, అంటే ి గుర్తు. 3093 క, 3103 ట. యూనికోడ్‌లో, అంటే ప్రపంచ లిపుల గుర్తులకి అంకెలిచ్చే ప్రమాణంలో, తెలుగుకి 3072 నుంచి 3199 దాకా 128 గదులు కేటాయించారు. హల్లుకి ఒక గది, గుణింతపు గుర్తుకి వేరే గది, పొల్లుకి (్) 3149, సున్నకి 3074. తలకట్టుకి మాత్రం గది లేదు, అది హల్లులోనే ఉంది. అందుకే క ఒక్క అంకె, కి రెండు, క్షి నాలుగు.

ఇప్పుడు పై వరుసను వెనక నుంచి చదవండి: 3135, 3125, 3093, 3103, 3093, 3135, 3125. మొదట్లోనే గుడి. దాని ముందు హల్లు లేదు కాబట్టి తెర మీద చుక్కల సున్నాకి తగులుకుని కనిపిస్తుంది. చివర్లో కవి కాస్తా కివ అయింది. రెండు వరుసలూ ఒకటి కావు, ఫాల్స్ న్యాయమే.

ఇది విశాఖ రైల్వే స్టేషన్ చూసినవాళ్లకి తేలిగ్గా అర్థమవుతుంది. హౌరా–చెన్నై మార్గంలో ఊళ్లోకి వచ్చే రైలు వచ్చిన దారినే వెనక్కి బయల్దేరాలి. ఇంజన్‌ని ఒక కొసన విప్పి రెండో కొసన తగిలిస్తారు. అప్పటిదాకా చివర ఉన్న పెట్టె మొదటిదవుతుంది. కానీ పెట్టెలో బెర్తులు అలాగే ఉంటాయి, చక్రాలు కిందే ఉంటాయి, పెట్టెను ఎవరూ ఊడదీయరు. [::-1] చేసేది అలా కాదు. పెట్టెల్ని కూడా విప్పి, చక్రాన్నీ తలుపునూ విడివిడిగా వరుసలో పేర్చి, ఆ వరుసను తిప్పుతుంది. గుణింతపు గుర్తు తన ముందున్న హల్లుకే తగులుకుంటుంది. తిప్పాక ముందు ఎవరుంటే వాళ్లకి తగులుకుంటుంది.

ఊరి పేరునే తిప్పి చూడండి. విశాఖపట్నం పది అంకెల పదం: వ, ి, శ, ా, ఖ, ప, ట, ్, న, ం. తిప్పితే ంన్టపఖాశివ. శకి ఉండాల్సిన దీర్ఘం ఖకి పోయింది, వకి ఉండాల్సిన గుడి శకి పోయింది, ట్న అన్న జంట న్ట అయింది, సున్న దిక్కులేకుండా మొదట్లో నిలబడింది. పెట్టెల్ని ఊడదీయకుండా తిప్పితే రావలసింది ట్నంపఖశావి. కత్తిరించినా ఇదే ఇబ్బంది. ఆ పదాన్ని పేరు అనే వేరియబుల్‌లో పెడితే, మొదటి ఏడు గుర్తుల్ని అడిగే పేరు[:7] విశాఖపట ఇస్తుంది, పేరు[:8] విశాఖపట్ ఇస్తుంది, పేరు[:3] ఇస్తే దీర్ఘం ఊడిన విశ మిగులుతుంది. ఫారాల్లో, రశీదుల్లో తెలుగు పేర్లు చివర తెగి పొల్లుతో వేలాడితే మొదట అనుమానించాల్సింది ఇలాంటి కత్తిరింపునే.

జలజ, నటన, సరస ఈ పరీక్షలో దర్జాగా నెగ్గుతాయి. వాటిలో తలకట్టు తప్ప వేరే గుర్తు లేదు. కునుకు ఓడిపోతుంది. పాఠం చెప్పేవాళ్లు ఇంగ్లిష్ మాటలతో, లేదా జలజతో సరిపెడితే ఈ లోపం బయటపడదు. వికటకవిని తెలుగునాట ప్రతి ల్యాబ్ రికార్డులోనూ మొదటి పరీక్షగా పెట్టాలని నా గట్టి అభిప్రాయం. తెలుగు కంప్యూటర్‌కి కష్టమన్న నమ్మకం చాలామందిలో పాతుకుపోయింది. దానికి ఆధారం లేదు. మనం అంకెల్ని అక్షరాలుగా పొరబడుతున్నాం, అంతే.

పరిష్కారం పది వరుసల పని. "అక్షరాలు" అని ఒక ఖాళీ లిస్ట్ పెట్టుకోండి. పదంలోని ఒక్కొక్క గుర్తునీ ఫర్ లూప్‌లో తీసుకుని, లిస్ట్ చివరి పెట్టెలో (ఒక పెట్టె అంటే ఒక పూర్తి అక్షరం) కలపాలా, కొత్త పెట్టె తెరవాలా అన్నది తేల్చండి. కలపాల్సిన సందర్భాలు మూడు. గుర్తు గుణింతమో, పొల్లో, సున్నో అయినప్పుడు: యూనికోడ్‌డేటా మాడ్యూల్‌లోని కేటగిరీ ఫంక్షన్ ఇచ్చే రెండక్షరాల జవాబు ఎం తో మొదలైతే అలాంటిదే. చివరి పెట్టె పొల్లుతో ముగిసి, వచ్చింది హల్లు అయినప్పుడు: అది ఒత్తు. వచ్చినది 8204 అయినప్పుడు: దీని సంగతి కింద చెబుతాను. కలపడం అంటే

అక్షరాలు[-1] += గుర్తు

ఇవేవీ కాకపోతే అపెండ్, అంటే కొత్త పెట్టె. చివరికి అక్షరాలు == అక్షరాలు[::-1] అని అడిగితే వికటకవికి ట్రూ, కునుకుకి ట్రూ, విశాఖపట్నానికి పొడవు 5.

ఇక్కడ జారిపడే చోట్లు రెండున్నాయి. లిస్ట్ ఇంకా ఖాళీగా ఉండగానే గుర్తు వస్తే [-1] దగ్గర ఇండెక్స్ ఎర్రర్ వస్తుంది, కాబట్టి లిస్ట్‌లో ఏదైనా ఉందో లేదో ముందు చూడాలి. రెండోది, "వచ్చింది హల్లు అయితే" అన్న షరతు మర్చిపోతే "వైజాగ్ బీచ్" లో గ్ తర్వాతి ఖాళీ కూడా గ్ పెట్టెలోకి ఎక్కేస్తుంది. హల్లులు 3093 (క) నుంచి 3129 (హ) దాకా ఉంటాయి. ౘ, ౙ మాత్రం దూరంగా 3160, 3161లో ఉంటాయి, పాత గ్రంథాల పాఠంతో పనిచేసేవాళ్లు వాటినీ కలుపుకోవాలి.

8204 కంటికి కనిపించని గుర్తు. స్టీల్‌ప్లాంట్ అన్న మాటలో ల్ కింద ప ఒత్తుగా దిగకుండా ఆపేది అదే. అది ఉంటే ఆ మాట పొడవు 14, లేకపోతే 13. రెండు జాబితాల్లో గాజువాక వైపు ఉద్యోగుల వివరాలు సరిపోల్చేటప్పుడు ఒకదాంట్లో ఉండి రెండోదాంట్లో లేకపోతే == ఫాల్స్ అంటుంది. స్ట్రిప్ కొసల్లోని ఖాళీలనే తీస్తుంది కాబట్టి దాన్ని తీసేయదు, పైథాన్ లెక్కలో అది ఖాళీ కూడా కాదు. ప్రింట్ చేస్తే కనిపించదు, రెప్ర్ ఫంక్షన్‌తో చూస్తే కనిపిస్తుంది. పోల్చే ముందు రీప్లేస్‌తో తీసేయండి. ఫలితాన్ని మళ్లీ వేరియబుల్‌లో పెట్టండి. రీప్లేస్ పాత స్ట్రింగ్‌ని ముట్టుకోదు, కొత్తది ఇస్తుంది.

వైజాగ్ అన్న పేరులో మరో చిత్రం ఉంది. తెలుగు గుణింతాల్లో ఐత్వానికి మాత్రమే రెండు రూపాలు: ఒకే అంకెగా 3144, లేదా 3142, 3158 అని జంటగా. తెర మీద రెండూ వై అనే కనిపిస్తాయి. ఒకదాని పొడవు 6, రెండోదానిది 7, పోలిస్తే ఫాల్స్. మ్యాక్ కంప్యూటర్ల పాత ఫైల్ వ్యవస్థ ఫైల్ పేర్లను ఇలా విడదీసిన రూపంలోనే దాచేది. యూనికోడ్‌డేటాలోని నార్మలైజ్ ఫంక్షన్‌కి ఎన్ఎఫ్‌సీ (విడిపోయిన గుర్తుల్ని కలిపే రూపం) అని చెబితే రెండూ ఒకటవుతాయి. అదే వైజాగ్‌ని వేరియబుల్ పేరుగా వాడితే పైథాన్ తనంతట తానే ఈ పని చేస్తుంది, ఏ రూపంలో రాసినా ఒకే వేరియబుల్. కొటేషన్ గుర్తుల మధ్య ఉన్నదాన్ని మాత్రం మీరిచ్చింది ఇచ్చినట్టే ఉంచుతుంది. ఋషికొండ, రుషికొండ లాంటి జోడీలను నార్మలైజ్ కలపదు. అవి వేరు వేరు వర్ణాలు, వాటికి మీరే ఒక డిక్షనరీ రాసుకోవాలి.

రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లతో, అంటే నమూనా ఇచ్చి ముక్కల్ని వెతికే పద్ధతితో, జాగ్రత్త. పైథాన్ సొంత ఆర్ఈ మాడ్యూల్‌లో పదాల్ని పట్టే డబ్ల్యూ నమూనా (\w) గుణింతాల్ని అక్షరాలుగా ఒప్పుకోదు. విశాఖపట్నాన్ని వ, శ, ఖపట, న అని నాలుగు ముక్కలు చేస్తుంది. అన్నీ అక్షరాలేనా అని చూసే ఇజ్‌ఆల్ఫా కూడా అంతే, పడవకి ట్రూ, పడవలుకి ఫాల్స్. [ఁ-౯]+ అని మీరే హద్దులు రాయండి, 8204నీ అందులో చేర్చండి. అంకెల విషయంలో మాత్రం పైథాన్ ఉదారంగా ఉంటుంది: "౫౩౦౦౦౧" అన్న పిన్‌కోడ్‌ని ఇంట్ ఫంక్షన్‌కి ఇస్తే 530001 వస్తుంది.

ఫైల్లో రాసేటప్పుడు ఎన్‌కోడింగ్ (గుర్తుల్ని బైట్లుగా మార్చే పద్ధతి) యూటీఎఫ్-8 అని ఓపెన్ లోనే చెప్పండి. విండోస్‌లో చెప్పకపోతే తెలుగు రాయగానే "చార్‌మ్యాప్" ఎర్రర్‌తో ఆగిపోవచ్చు. తెలుగు గుర్తుకి మూడు బైట్లు, కాబట్టి విశాఖపట్నం 30 బైట్లు. ఎక్సెల్‌లో తెరిచే ఫైల్ అయితే యూటీఎఫ్-8-సిగ్ వాడండి. అలాంటి ఫైల్‌ని మామూలు యూటీఎఫ్-8తో చదివితే మొదటి శీర్షిక ముందు 65279 అనే కనిపించని గుర్తు అతుక్కుని, ఆ కాలమ్ పేరుతో వెతికితే కీ ఎర్రర్ వస్తుంది.

పది వరుసలు రాసే ఓపిక లేకపోతే రెజెక్స్ అనే విడి లైబ్రరీలో పెద్ద ఎక్స్ నమూనా (\X) ఉంది, పెట్టెలు అదే విడదీస్తుంది. అయితే ట్న లాంటి ఒత్తుల్ని విడగొట్టకూడదన్న నియమం తెలుగుకి 2023లో వచ్చిన యూనికోడ్ 15.1తోనే చేరింది. మీ దగ్గరున్న లైబ్రరీకి విశాఖపట్నం ఇచ్చి లెక్కపెట్టించండి. 5 వస్తే కొత్త నియమం తెలుసు, 6 వస్తే ట్, నం వేరు చేస్తోందని అర్థం.