తప్పనిసరా, ఇష్టపూర్వకమా? కాలేజీ పిల్లల సమాజసేవ వెనక 70 ఏళ్ల కథ

ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ మొదటి ఏడాది పరీక్షలు అయిపోగానే, ఎండలో చెమటలు కక్కుకుంటూ కాలేజీ పిల్లలు ఇంటింటి తలుపూ తడుతుంటారు. ఇంట్లో ఎంతమంది, మరుగుదొడ్డి ఉందా, తాగే నీళ్లు ఎక్కడివి అంటూ చేతిలోని కాగితాలు నింపుకుంటారు. దీని పేరు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు. 180 గంటల పని, 4 క్రెడిట్లు. 2020-21లో మార్చిన సిలబస్‌తో వచ్చింది. ఇంజినీరింగ్‌లోనూ పెట్టారు. తప్పించుకునే వీల్లేదు.

చదువుకోమని పంపితే ఇదేం గొడవ అని విసుక్కునే తల్లిదండ్రులు చాలామందే ఉన్నారు. ఈ గొడవ మాత్రం వాళ్లు పుట్టకముందు నుంచీ నడుస్తోంది.

స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడాదే యూనివర్సిటీ చదువుల మీద కేంద్రం ఒక కమిషన్ వేసింది. దాని అధ్యక్షుడు సర్వేపల్లి రాధాకృష్ణన్. అంతకుముందు 1931 నుంచి 1936 దాకా ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వైస్‌ఛాన్సలర్‌గా వాల్తేరులో ఉన్నాయన. విద్యార్థులు దేశసేవ చెయ్యాలని కమిషన్ చెప్పింది, కానీ ఇష్టమైతేనే అంది. అసలు చిక్కంతా ఆ ‘ఇష్టమైతేనే’ దగ్గరే.

నెహ్రూకు అంతవరకే చాలలేదు. డిగ్రీ పట్టా చేతికి రావాలంటే సేవ చేసి ఉండాలన్న ఆలోచనను 1958లో ముఖ్యమంత్రులకు ఉత్తరం రాసి ముందుపెట్టారు. మరుసటి ఏడాది సి.డి. దేశ్‌ముఖ్ అధ్యక్షతన కమిటీ పడింది. రిజర్వ్ బ్యాంకు గవర్నర్‌గా, ఆర్థిక మంత్రిగా చేసిన ఈయన మనకు దుర్గాబాయి దేశ్‌ముఖ్ భర్తగా ఇంకా బాగా తెలుసు. హైస్కూలు దాటి కాలేజీలో చేరబోయే ప్రతి ఒక్కరూ 9 నెలల నుంచి ఏడాది దాకా జాతీయ సేవ చేసి తీరాలని కమిటీ సిఫార్సు చేసింది. అన్ని లక్షలమందికి తిండి, వసతి, పని, పై అజమాయిషీ! లెక్క వేసుకున్న ప్రభుత్వం వెనక్కి తగ్గింది. డబ్బులెన్నో లెక్కేశారు గానీ, ఆ ఏడాదిని పోగొట్టుకోబోయే పిల్లలేమంటారో అడిగారో లేదో తెలీదు.

1960లో విద్యావేత్త కె.జి. సయ్యిదైన్ వేరే దేశాల్లో యువత చేసే సేవ ఎలా ఉందో పరిశీలించి, కొద్దిమందితో, ఇష్టపూర్వకంగా మొదలుపెట్టమన్నారు. 1964-66లో దేశం మొత్తం చదువుల తీరును పరిశీలించిన కొఠారి కమిషన్ కూడా చదువుకు సమాజసేవ జోడించమంది. ఈలోగా 1962లో చైనాతో యుద్ధం రావడంతో 1963లో కాలేజీ కుర్రాళ్లకు ఎన్‌సీసీ, అంటే సైనిక తరహా శిక్షణ, తప్పనిసరి అయింది. కొన్నేళ్లకే ఆ నిర్బంధం బరువైంది. ఎన్‌సీసీ వద్దన్నవాళ్లకు మరో దారి చూపాలని 1967లో విద్యామంత్రుల సమావేశం అనుకుంది. మొత్తానికి 1969 సెప్టెంబర్ 24న, గాంధీ శతజయంతికి వారం ముందు, అప్పటి విద్యామంత్రి వి.కె.ఆర్.వి. రావు జాతీయ సేవా పథకాన్ని, అంటే ఎన్‌ఎస్‌ఎస్‌ను మొదలుపెట్టారు. 37 యూనివర్సిటీలు, 40 వేలమంది విద్యార్థులు. నాలుగో పంచవర్ష ప్రణాళికలో దానికి కేటాయించింది 5 కోట్ల రూపాయలు.

ఆ ఏళ్లలో తెలుగునాట విద్యార్థులు ఏం చేస్తున్నారో గుర్తు చేసుకోవాలి. 1966లో విశాఖ ఉక్కు కోసం వీధుల్లో ఉన్నారు. 1969లో ప్రత్యేక తెలంగాణ కోసం కాలేజీలు వదిలి వచ్చారు, నెలల తరబడి తరగతులు నడవలేదు. ఆ పనులు వాళ్లకు ఎవరూ అప్పగించలేదు. కుర్రకారు వేడిని పలుగూ పారా వైపు మళ్లిద్దామన్న ఆశ ఢిల్లీలో కొంతైనా ఉండే ఉంటుందని నా అనుమానం. కాగితం మీద మాత్రం కనిపించేది గాంధీ పేరే.

ఎన్‌ఎస్‌ఎస్ లెక్కలు ఇలా ఉంటాయి. వలంటీర్ ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్లలో 240 గంటలు పనిచెయ్యాలి, ఒక దత్తత గ్రామంలో వారం రోజుల స్పెషల్ క్యాంపుకు వెళ్లాలి. 120 గంటల్లో 20 శిక్షణకు, 30 క్యాంపస్ పనులకు, మిగతా 70 బయట జనంలో. క్యాంపస్‌కు 30 అని గిరి గీయడం ముందుచూపే. ఆ గిరి లేకపోతే కాలేజీకి గ్రేడు ఇచ్చే న్యాక్ బృందం వస్తోందంటే చాలు, చీపుర్లు, సున్నం డబ్బాలు ఎవరి చేతికొస్తాయో చెప్పనక్కర్లేదు. గిరి ఉన్నా అప్పుడప్పుడు వస్తూనే ఉంటాయి, అది వేరే సంగతి.

క్యాంపులో ఏం చెయ్యాలన్నది చాలాకాలం పైనుంచే వచ్చింది. 1973లో ‘కరువుపై యువత’, ఆ తర్వాత మురికి, జబ్బుల మీద, ఇంకా తర్వాత మొక్కల పెంపకం. ఇప్పుడు వలంటీర్ల సంఖ్య 35 లక్షలు దాటింది. స్వచ్ఛభారత్ వస్తే చీపురు, హరితహారం వస్తే మొక్క. క్యాంపుకు వెళ్లొచ్చినవాళ్లను అడిగి చూడండి. బ్యానరు పట్టుకుని దిగిన ఫొటో ఎక్కడుందో వెతుక్కోవాలి. స్కూలు అరుగు మీద పడుకున్న రాత్రులు, యాభైమందికి ఉప్మా చేసి అడుగంటించిన పొద్దు, ఎవరూ చెప్పకుండా తమంతట తామే ఆ ఊరి పిల్లలకు సాయంత్రాలు నేర్పిన లెక్కలు మాత్రం అడక్కుండానే చెబుతారు.

ఇప్పుడు వచ్చిన కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు 1959 నాటి దేశ్‌ముఖ్ సిఫార్సుకు మనవడిలాంటిది. ఏడాది కాస్తా 180 గంటలైంది, ‘చేసి తీరాలి’ అన్నది అలాగే ఉంది. తప్పనిసరి అయ్యాక రెడీమేడ్ రిపోర్టులూ వస్తాయి, పక్కవాడి సర్వేలో ఇంటి నంబర్లు మార్చి రాసుకోవడాలూ వస్తాయి. రికార్డులు రాయించుకునే అలవాటు మనకు కొత్తేం కాదు కదా. అయినా ఇందులో ఒకటి నాకు నచ్చింది. సర్వే అయ్యాక ఆ ఊళ్లో ఏ సమస్య మీద పనిచెయ్యాలో తేల్చుకునే వీలు విద్యార్థికి కొంత ఉంది. లాగ్‌బుక్ చివర్లో, ఈ పిల్లాడు ఎలా పనిచేశాడో ఆ ఊరి తరఫున ఒకరు మార్కులు వేసే పేజీ కూడా పెట్టారు.