ఐఆర్‌సీలో నలభై మంది ఒక్కసారే ఎందుకు మాయమవుతారు?

టెక్కలి దగ్గర ఇంజనీరింగ్ చదువుతున్న ఒక విద్యార్థిని అడిగిన ప్రశ్న ఇది. ఆమె వాడుతున్న ఒక స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లో ఏదో లోపం కనిపించింది. దాన్ని రాసినవాళ్ళను అడగబోతే ఐఆర్‌సీ అనే పాత చాట్ వ్యవస్థకు రమ్మన్నారు. వెళ్ళింది, సందేహం టైపు చేసింది, ఎంటర్ నొక్కింది. ఆ మరుక్షణం తెర మీద ‘ఫలానావారు వెళ్ళిపోయారు’ అంటూ ఒకదాని కింద ఒకటి నలభై వరసలు పడ్డాయి. ‘‘మాస్టారూ, నా వల్ల ఏమైనా పాడైందా?’’ అని ఆమె భయం. పక్కన కూర్చున్న వాళ్ళ నాన్నగారైతే నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు పరుగెత్తడం చూసి, ఇదేదో హ్యాకింగ్ వ్యవహారమని తేల్చి, కంప్యూటర్ కట్టేయమన్నారట.

ఈ నల్ల తెర భయం మన సినిమాలు పెంచిన మూఢనమ్మకం. ఉత్త అక్షరాలున్న తెర సాధారణంగా మనల్ని ఏమీ చేయదు. రంగురంగుల బొమ్మలు పెట్టి ‘ఇక్కడ నొక్కితే బహుమతి’ అనే తెరలను చూసి మాత్రం ఎవరూ జడవరు. సరే, అమ్మాయి ప్రశ్నకు వద్దాం. ఆమె తప్పేమీ లేదు. ఆమె చూసినదాన్ని నెట్‌స్ప్లిట్ అంటారు. ఐఆర్‌సీ గురించి ఒకే ఒక్క విషయం తెలుసుకోవాలంటే నేను దీన్నే ఎంచుకుంటాను.

ముందు ప్రాథమిక విషయాలు, త్వరగా. ఐఆర్‌సీ అంటే ఇంటర్నెట్ రిలే చాట్. 1988 ఆగస్టులో, ఇంకా వెబ్ పుట్టకముందే, ఫిన్లాండ్‌లోని ఔలు విశ్వవిద్యాలయంలో యార్కో ఓయికరినెన్ దీన్ని రాశాడు. చేరడానికి క్లయింటు అనే చిన్న ప్రోగ్రాం కావాలి. విండోస్‌లో ఎంఐఆర్‌సీ, లినక్స్‌లో వీచాట్ లాంటివి ఉన్నాయి. కొన్ని నెట్‌వర్కులకు బ్రౌజర్ చాలు. సర్వరు పేరు ఇచ్చి, ఒక మారుపేరు పెట్టుకుని, హాష్ గుర్తుతో మొదలయ్యే చానెల్‌లో, అంటే ఒక విషయం మీద మాట్లాడుకునే గదిలో, చేరాలి. ఆజ్ఞలన్నీ స్లాష్ గీతతో మొదలవుతాయి. స్లాష్ జాయిన్ అంటే చేరడం, స్లాష్ నిక్ అంటే పేరు మార్చుకోవడం, స్లాష్ క్విట్ అంటే సెలవు. ట్విటర్‌లో 2007లో క్రిస్ మెస్సినా హాష్‌ట్యాగ్ వాడదామన్నప్పుడు ఆయన మనసులో ఉన్నది ఈ చానెళ్ళ హాష్ గుర్తే. నేర్చుకోవలసింది దాదాపు అంతే. మిగతాది అలవాటు మీద వస్తుంది.

ఇప్పుడు అసలు కథ. ఐఆర్‌సీ నెట్‌వర్క్ వెనక ఉండేది ఒక్క కంప్యూటర్ కాదు. పదో ఇరవయ్యో సర్వర్లు వేరువేరు దేశాల్లో ఉండి ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. మీరొక సర్వరులో, మీకు జవాబిచ్చేవారు ఇంకో సర్వరులో ఉంటారు. ఈ సర్వర్లను ఎలా కలపాలనే దగ్గరే ఓయికరినెన్ ఒక కఠినమైన నియమం పెట్టాడు. ఎక్కడా వలయం ఏర్పడకూడదు. ఏ రెండు సర్వర్ల మధ్య అయినా ఒకే ఒక్క దారి ఉండాలి. గణితంలో ఇలాంటి అమరికను చెట్టు అంటారు. మన పాఠాల్లో నెట్‌వర్క్ ఆకారాలంటూ బస్, స్టార్, రింగ్, ట్రీ అని నాలుగు బొమ్మలు గీయించి మార్కులు వేసేస్తారు. చెట్టులో వలయం ఎందుకు కూడదో అడిగిన పిల్లవాణ్ణి నేనింతవరకు చూడలేదు. చెప్పిన పుస్తకాన్నీ చూడలేదు.

ఉమ్మడి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల రైలు పటం తీసుకోండి. ఇచ్ఛాపురం, పలాస, నౌపడ, శ్రీకాకుళం రోడ్డు, చీపురుపల్లి మీదుగా విజయనగరం దాకా పెద్ద లైను. నౌపడ దగ్గర ఒక కొమ్మ టెక్కలి, పాతపట్నం వైపు చీలుతుంది. విజయనగరం దగ్గర ఇంకో కొమ్మ బొబ్బిలి, పార్వతీపురం వైపు పోతుంది. బొబ్బిలి నుంచి ఒక రెమ్మ సాలూరుకు. టెక్కలిలో ఎక్కినవారు పట్టాల మీదే సాలూరు చేరాలంటే నౌపడ, శ్రీకాకుళం రోడ్డు, విజయనగరం, బొబ్బిలి మీదుగానే వెళ్ళాలి. ఒక్కో స్టేషనును ఒక్కో సర్వరు అనుకోండి. టెక్కలి సర్వరులో మీరు ఒక వాక్యం పంపితే అది నౌపడకు వెళ్తుంది. నౌపడ దాన్ని వచ్చిన లైను మీదికి వదలకుండా, మిగిలిన లైన్లన్నిటి మీదికీ ఒక్కో నకలు వదులుతుంది. ప్రతి స్టేషనూ అదే పని చేస్తుంది. ఇంకా తెలివి ఏమిటంటే, ఒక లైనుకు అవతల ఆ చానెల్ సభ్యులు ఎవరూ లేరని తెలిస్తే అటు అసలు పంపదు. సాలూరులో వందమంది శ్రోతలున్నా బొబ్బిలి-సాలూరు లైను మీద వెళ్ళేది ఒక్క నకలే. వందగా మారడం సాలూరు చేరాకే.

ఇప్పుడు పటాన్ని కొంచెం విశాలంగా చూడండి. నిజమైన రైలు పటంలో వలయం ఉంది. విజయనగరం నుంచి కొత్తవలస, అక్కడి నుంచి అరకు, కొరాపుట్, రాయగడ, మళ్ళీ పార్వతీపురం, బొబ్బిలి మీదుగా విజయనగరం. రైల్వేవారికి ఇది వరం, ఒకవైపు దారి మూసుకుపోతే మరోవైపు నుంచి బండి మళ్ళించవచ్చు. అదే పటం మీద ఐఆర్‌సీ నియమం నడిపి చూడండి. టెక్కలి వాక్యం విజయనగరం చేరింది. విజయనగరం ఒక నకలును బొబ్బిలి వైపు, ఇంకొకదాన్ని కొత్తవలస వైపు వదిలింది. బొబ్బిలి నకలు రాయగడ, అరకు చుట్టి కొత్తవలస మీదుగా విజయనగరం తిరిగొచ్చింది. అది తాను పంపిందేనని విజయనగరానికి తెలియదు. కొత్త వాక్యమనుకుని మళ్ళీ ముందుకు తోసింది, శ్రీకాకుళం వైపు కూడా ఒకటి వదిలింది. ఎదురు దిక్కున వెళ్ళిన నకలూ అదే పని చేసింది. రెండు నకళ్ళు ఎదురెదురుగా చుట్టూ తిరుగుతూనే ఉంటాయి. ప్రతి చుట్టుకూ సాలూరు వాడికి అదే వాక్యం రెండుసార్లు వినపడుతుంది. పలాస వాడికీ అంతే. వాక్యం రాసిన టెక్కలి అమ్మాయికి కూడా తన మాటే తిరిగొస్తుంది. ఒక్క ‘నమస్కారం’తో నెట్‌వర్క్ కుప్పకూలుతుంది.

దీనికి మందు లేకపోలేదు. ప్రతి సందేశానికీ ఒక ప్రత్యేక గుర్తింపు ఇచ్చి, చూసినవాటిని ప్రతి సర్వరూ గుర్తుంచుకుంటే చాలు. అంతకుముందే ఉన్న యూజ్‌నెట్ అనే చర్చావేదికల వ్యవస్థ ఆ పద్ధతిలోనే నడిచింది. ఓయికరినెన్ ఆ బరువు వద్దనుకున్నాడు. వలయమే లేకపోతే గుర్తుంచుకోవలసిన అవసరమే లేదు కదా! కొత్తగా కలపబోయే సర్వరు పేరు ఇప్పటికే తన జాబితాలో ఉందంటే ఇంకో దారి ఏర్పడుతోందని అర్థం. సర్వరు వెంటనే ఆ లంకెను తెంచేస్తుంది.

ఈ సరళతకు చెల్లించే మూల్యమే నెట్‌స్ప్లిట్. 20 సర్వర్లను చెట్టుగా కలపడానికి సరిగ్గా 19 లంకెలు కావాలి. ఒక్కటి తగ్గినా అన్నీ కలవవు, ఒక్కటి పెరిగినా వలయం. అంటే ప్రతి లంకె మీదా ఎవరో ఒకరి బతుకు ఆధారపడి ఉంది. ఏ ఒక్కటి తెగినా నెట్‌వర్క్ కచ్చితంగా రెండు ముక్కలవుతుంది, మూడు కాదు. లంకె బదులు స్టేషనే మూతపడితే లెక్క వేరు. సాలూరు మూతపడితే నష్టం సాలూరుకే. వలయాన్ని కొరాపుట్, రాయగడల మధ్య ముందే తెంచి చెట్టుగా మార్చామనుకుంటే, విజయనగరం మూతపడితే శ్రీకాకుళం వైపు, బొబ్బిలి వైపు, కొత్తవలస వైపు మూడు ముక్కలు. అందుకే పెద్ద నెట్‌వర్కులు కూడలి సర్వర్లలోకి మామూలు వాడుకరులను రానివ్వకుండా, అంచు సర్వర్లకే పంపే ఏర్పాటు చేసుకుంటాయి.

చీపురుపల్లికీ విజయనగరానికీ మధ్య లంకె తెగిందనుకుందాం. శ్రీకాకుళం రోడ్డు, నౌపడ, టెక్కలి స్టేషన్లు తమ దగ్గరున్నవారికి విజయనగరం, బొబ్బిలి, సాలూరు జనమంతా వెళ్ళిపోయారని ప్రకటిస్తాయి. అదే క్షణంలో విజయనగరం తన వాళ్ళకు టెక్కలి జనమంతా వెళ్ళిపోయారని చెబుతుంది. నిజానికి ఎవరూ వెళ్ళలేదు. సాలూరు వాడి తెర మీద ఆ అమ్మాయే వెళ్ళిపోయినవారిలో ఒకరు. రెండు ముక్కల్లోనూ లోపలి సంభాషణ మామూలుగా సాగుతుంటుంది. పాత నెట్‌వర్కుల్లో వెళ్ళిపోయిన కారణం రాసేచోట రెండు సర్వర్ల పేర్లు పక్కపక్కనే కనిపించేవి. తెగిన లంకెకు రెండు చివరలు అవే. అనుభవజ్ఞులు ఆ రెండు పేర్లు చూసి ఎక్కడ తెగిందో చెప్పేవారు.

ఆ అమ్మాయి చేయవలసినది ఒక్కటే. ముక్కలు మళ్ళీ కలిశాక ప్రశ్నను మళ్ళీ టైపు చేయాలి. మామూలుగా ఐఆర్‌సీ సర్వరు పాత మాటలను దాచిపెట్టదు. విడిపోయినప్పుడు ఒక ముక్కలో అన్నది రెండో ముక్కకు ఎప్పటికీ చేరదు.

అతుక్కునేటప్పుడు జరిగేది ఇంకా రసవత్తరం. లంకె పడగానే రెండు వైపులా తమ సర్వర్లు, మనుషులు, చానెళ్ళ జాబితా మొత్తం గుమ్మరిస్తాయి. విడిగా ఉన్నప్పుడు రెండు వైపులా ఇద్దరు ‘నాగావళి’ అని పేరు పెట్టుకుని ఉంటే? తొలినాళ్ళ నియమం ప్రకారం ఇద్దరినీ బయటికి గెంటేయడమే. దీన్ని ఆయుధం చేసుకున్నవారున్నారు. నచ్చనివారి పేరును విడిపోయిన ముక్కలో పెట్టుకుని, కలిసే సమయానికి ఎదురుచూసేవారు. ఇంకొందరు ఖాళీ అయిన చానెల్‌లోకి దూరేవారు. ఎవరూ లేని చానెల్‌లోకి మొదట అడుగుపెట్టినవారికి ఆపరేటర్ హోదా, అంటే ఇతరులను గెంటేసే అధికారం, దానంతటదే వస్తుంది. ముక్కలు కలిశాక ఆ హోదా మొత్తం చానెల్ మీద చెల్లేది. ఇక అసలు యజమానులను గెంటేసి రాజ్యం చేసేవారు.

దీనికి ఒక విరుగుడు కాలముద్ర. ప్రతి పేరుకూ, ప్రతి చానెల్‌కూ పుట్టిన సమయం సెకన్లలో రాసి ఉంచుతారు. రెండు ముక్కలు కలిసినప్పుడు పాత ముద్ర ఉన్న చానెల్‌లోని ఆపరేటర్ల హోదా నిలుస్తుంది, కొత్తవారి హోదా ఊడుతుంది. పేర్ల విషయంలోనూ ముందు పుట్టినది గెలుస్తుంది. కానీ ఇద్దరి వాడుకరి పేరు, చిరునామా ఒకటే అయితే ఫలితం తిరగబడి కొత్తదే నిలుస్తుంది. ఎందుకంటే అప్పుడు పాతది తెగిపోయిన కనెక్షన్ తాలూకు దయ్యం. దయ్యం అనడం నా చమత్కారం కాదు, అక్కడి జనం అనే మాటే. నేను నమ్మే దయ్యం ఇదొక్కటే. ఇంకో విరుగుడు జాప్యం. విడిపోయినప్పుడు మాయమైన పేరునూ చానెల్‌నూ కొంతసేపటి వరకు ఎవరినీ తీసుకోనివ్వరు.

ఏది మేలన్న తగువు చిన్నదిగా మిగల్లేదు. 1996 జులైలో ఈఎఫ్‌నెట్ అనే పెద్ద నెట్‌వర్క్ చీలినప్పుడు, ఇతర కారణాలతో పాటు ఈ వాదం కూడా నడిచింది. కాలముద్ర పక్షం ప్రధానంగా అమెరికాలో, జాప్యం పక్షం ప్రధానంగా ఐరోపాలో. ఐరోపా వారు ఐఆర్‌సీనెట్‌గా వేరు కాపురం పెట్టారు. చీలికను ఎలా అతకాలో తేలక చీలిపోయారు! మళ్ళీ కలవనేలేదు. ఆ ఈఎఫ్‌నెట్ పుట్టుక కూడా చీలికే. 1990లో అమెరికాలో బర్కిలీలోని ఎరిస్ అనే సర్వరు అనుమతి అడగకుండా ఎవరినైనా కలుపుకుంటుంటే, అది వద్దన్నవారు ఎరిస్-ఫ్రీ, అంటే ‘ఎరిస్ లేని నెట్‌వర్క్’ అని విడిపోయారు. ఇంత కలహశీలమైన వ్యవస్థే 1991 ఆగస్టులో సోవియట్ యూనియన్‌లో కుట్ర జరిగి వార్తలు నిలిచిపోయినప్పుడు సంగతులు బయటికి మోసింది. 2021 మేలో ఫ్రీనోడ్ అనే ఐఆర్‌సీ నెట్‌వర్క్‌లో యాజమాన్యపు గొడవ వచ్చి, నడిపే స్వచ్ఛంద కార్యకర్తలు లేచిపోయి లిబెరా చాట్ అనే కొత్త నెట్‌వర్క్ పెట్టుకున్నారు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ పనుల్లో చాలా భాగం ఇప్పుడు అక్కడ దొరుకుతుంది.

మనవాళ్ళకు పనికొచ్చే మాటలు రెండు. ‘ఒక సందేహం అడగవచ్చా’ అని అడగకండి, సందేహమే రాయండి. జవాబు రాలేదని ఐదు నిమిషాల్లో వెళ్ళిపోకండి. వెళ్ళిపోతే జవాబు మీకు అందదు. మనకు రాత్రి తొమ్మిదైతే ఐరోపాలో సాయంకాలం, అమెరికా తూర్పు తీరంలో ఇంకా పగలే. అడగడానికి అదే అనువైన వేళ.

తెలుగులో రాయవచ్చా అంటే, రాయవచ్చు, కాని పిసినారితనం కావాలి. ఐఆర్‌సీలో ఒక వరస పొడవు ముగింపు గుర్తులతో కలిపి 512 బైట్లు. 1993లో ప్రకటించిన ప్రమాణంలోనే ఈ హద్దు ఉంది. అక్షరాలను బైట్లుగా మార్చే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతం ఒక్కొక్కటి 3 బైట్లు. శ్రీకాకుళం అన్న మాటలో శ, పొల్లు, ర, గుడిదీర్ఘం అంటూ విడదీస్తే 10 సంకేతాలు, అంటే 30 బైట్లు. ఇంగ్లీషు అక్షరాల్లో అదే మాట 10 బైట్లు. పైగా గ్రహీతకు చేరేటప్పుడు పంపినవారి పేరు, చిరునామా, చానెల్ పేరు కూడా ఆ 512లోనే ఇమడాలి. చివరికి తెలుగుకు మిగిలేది 140 సంకేతాల చుట్టుపక్కల. మంచి క్లయింటు పొడవైన వాక్యాన్ని తానే రెండుగా విరుస్తుంది. నాసిరకంది బైట్లు లెక్కపెట్టి నరుకుతుంది. అక్షరం మధ్యలో కత్తి పడితే చివర ప్రశ్నార్థకం ఉన్న వజ్రం గుర్తు మిగులుతుంది.

మారుపేరు మాత్రం చాలా నెట్‌వర్కుల్లో ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉండాలి. పాత ప్రమాణంలో పేరుకు 9 అక్షరాలే. నాగావళి 8 అక్షరాలతో ఇమిడేది, వంశధారకు 10 కావాలి కనుక పట్టేది కాదు. ఇప్పుడు హద్దు పెరిగింది. పెరిగినా ఒక ఫిన్లాండ్ గుర్తు మాత్రం చెరగలేదు. ఆ కాలపు ఫిన్లాండ్ కంప్యూటర్లలో చదరపు బ్రాకెట్ల సంకేతాల స్థానంలో నెత్తిన చుక్కలో సున్నానో ఉన్న పెద్ద అక్షరాలు, మీసాల బ్రాకెట్ల స్థానంలో వాటి చిన్న అక్షరాలు ఉండేవి. అందువల్ల మీసాల బ్రాకెట్‌ను చదరపు బ్రాకెట్‌కు చిన్న అక్షరంగా లెక్కించాలని ప్రమాణంలో రాసిపెట్టారు. లిబెరా చాట్‌లో నేటికీ అదే నడుస్తోంది. మీ పేరు చివర చదరపు బ్రాకెట్ తగిలించుకుంటే, మీసాల బ్రాకెట్‌తో అదే పేరు ఇంకొకరికి దొరకదు.