చిన్న అంకె చేసే మోసం

ఏ బ్యాక్టీరియా ఉందో, అది ఏ మందుకు లొంగుతుందో చెప్పే కల్చర్ రిపోర్టు ల్యాబ్ నుంచి రాగానే చాలామంది చూపు అంకెల మీదికే పోతుంది. ఒక యాంటీబయాటిక్ ఎదురుగా 0.5, ఇంకొక దాని ఎదురుగా 4 ఉంటే మొదటిదే గట్టి మందు అనిపిస్తుంది. అలా పోల్చకూడదు. ఎంఐసీ అనే ఆ అంకె, ల్యాబ్‌లో బ్యాక్టీరియా పెరుగుదలను ఆపిన కనీస గాఢతను చెబుతుంది, అంతే. ఒక మందు రక్తంలో 4ను అలవోకగా దాటేస్తుంది, మరొకటి 0.5 అందుకోవడానికే ఆపసోపాలు పడుతుంది. ఏ మందుకు ఎంతవరకు ఫరవాలేదో ముందే లెక్కగట్టిన హద్దులుంటాయి. పక్కనుండే ఎస్ (లొంగుతుంది), ఆర్ (లొంగదు) అక్షరాలు ఆ హద్దులను బట్టే పడతాయి.

అక్షరాన్నీ గుడ్డిగా నమ్మలేం. రక్తంలోని స్టెఫైలోకాకస్ బ్యాక్టీరియాను చక్కగా చంపే డాప్టోమైసిన్‌ను, ఊపిరితిత్తుల లోపల పూతలా ఉండే సర్ఫాక్టెంట్ అనే పదార్థం పట్టేసి నిర్వీర్యం చేస్తుంది, కాబట్టి న్యుమోనియాకు అది పనికిరాదు. నైట్రోఫ్యూరాంటోయిన్ తగినంత చేరేది మూత్రంలోకే. మూత్రాశయం దాటి కిడ్నీకో రక్తానికో పాకిన ఇన్ఫెక్షన్‌కు దాన్ని వాడరు.

2018లో వెలువడిన మెరినో అధ్యయనం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. అందులోని రోగుల రక్తంలో సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్‌కు లొంగని ఈ.కోలై లేదా క్లెబ్సియెల్లా బ్యాక్టీరియా ఉంది. పైపెరాసిలిన్-టాజోబాక్టమ్‌కు లొంగుతుందనే ల్యాబ్ చెప్పింది. అయినా ఆ మందు వాడినవారిలో 30 రోజుల్లో 12.3 శాతం మంది చనిపోయారు. మెరోపెనెం వాడినవారిలో 3.7 శాతమే.

దీనికి తిరగేసిన కథ, కొన్ని బ్యాక్టీరియా తయారుచేసుకునే ఎన్‌డీఎం ఎంజైముది. పెన్సిలిన్లు, సెఫలోస్పోరిన్లతో పాటు మెరోపెనెంను కూడా ముక్కలు చేసే ఈ ఎంజైము, అజ్‌ట్రియోనామ్ అనే యాంటీబయాటిక్‌ను మాత్రం తెంపలేదు. మరి అదే ఇస్తే సరిపోదా? సరిపోదు. ఎన్‌డీఎం ఉన్న బ్యాక్టీరియా తరచూ వేరే ఎంజైములను కూడా వెంటపెట్టుకుని తిరుగుతుంది, అజ్‌ట్రియోనామ్ పని అవి పడతాయి. ఆ తోడుదొంగల్లో చాలావాటి చేతులు కట్టేసేది అవిబాక్టమ్. అది సెఫ్టాజిడిమ్‌తో కలిపిన ఇంజెక్షన్‌గా దొరుకుతుంది. ఇక్కడ సెఫ్టాజిడిమ్ చేసేది దాదాపు ఏమీ లేదు, ఒకే సీసాలో ఉంది కాబట్టి వెంట వస్తుంది. రిపోర్టులో సెఫ్టాజిడిమ్-అవిబాక్టమ్‌కు ఆర్, అజ్‌ట్రియోనామ్‌కూ ఆర్. రెండూ కలిపి ఇస్తే చాలాసార్లు బ్యాక్టీరియా లొంగుతుంది. వైద్యులు ఏళ్లుగా ఈ ఉపాయంతోనే నెట్టుకొచ్చారు. సెఫ్టాజిడిమ్‌ను పక్కనపెట్టి, అజ్‌ట్రియోనామ్, అవిబాక్టమ్‌లను నేరుగా జతచేసిన మందుకు 2024లో యూరప్‌లో అనుమతి లభించింది.