లివర్ మార్పిడిలో ఆర్టరీ కుట్టు: మైక్రోస్కోపా, లూపా?

లివర్ ట్రాన్స్‌ప్లాంట్‌లో హెపాటిక్ ఆర్టరీని, అంటే లివర్‌కి వెళ్ళే ధమనిని, మైక్రోస్కోప్ కిందే కుట్టాలా, కళ్ళద్దాలకి బిగించుకునే చిన్న భూతద్దం, అదే లూప్, సరిపోతుందా అని సర్జన్ల మధ్య వాదన మళ్ళీ లేచింది. 1963లో అమెరికన్ సర్జన్ స్టార్జల్ చేసిన మొదటి లివర్ మార్పిడి దగ్గర్నుంచి చెప్పుకురావడం అనవసరం, అసలు మలుపు 1989.

అప్పటిదాకా లివర్ దాదాపుగా చనిపోయిన దాతల నుంచే వచ్చేది కాబట్టి ఆర్టరీని కావలసినంత పొడుగు, అవసరమైతే అయోర్టా (గుండె నుంచి వచ్చే పెద్ద ధమని) అంచుతో సహా కోసుకునేవాళ్ళు, పొట్టిదైతే అదే దాత కటి భాగంలోని ఇలియాక్ ఆర్టరీ అతికేవాళ్ళు. 1989లో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో సర్జన్ రస్సెల్ స్ట్రాంగ్ ఓ తల్లి లివర్‌లో కొంత తీసి బిడ్డకి పెట్టి సక్సెస్ అయ్యాక ఆ వెసులుబాటు పోయింది. దాత బతకాలి కదా, ఆమెకి మిగిలే లివర్‌కి వెళ్ళే ఆర్టరీ జోలికి పోకూడదు. చేతికొచ్చేది రెండు మూడు మిల్లీమీటర్ల సన్నని పొట్టి కొస, అవతల పసిపిల్లల ఆర్టరీ కూడా అంతే.

కుట్టిన ఆర్టరీలో రక్తం గడ్డకట్టి అది మూసుకుపోతే? లివర్‌కి రక్తం ఎక్కువగా పోర్టల్ వెయిన్ అనే సిర నుంచే వస్తుంది, కానీ పైత్య నాళాలు (లివర్ నుంచి పైత్యరసం వెళ్ళే గొట్టాలు) బతికేది ఆర్టరీ మీదే, పైగా మార్పిడిలో పక్కదారి రక్తనాళాలన్నీ తెగిపోయుంటాయి. 2009లో వచ్చిన ఒక సమీక్ష ప్రకారం ఆపరేషన్ అయిన తొలి రోజుల్లో ఇలా గడ్డకట్టడం పెద్దవాళ్ళలో 2.9 శాతం, పిల్లల్లో 8.3 శాతం, అలా అయినవాళ్ళలో సగానికి పైగా మళ్ళీ మార్పిడి దాకా వెళ్ళారు, మూడో వంతు చనిపోయారు.

ఇక్కడే జపాన్‌లోని క్యోటో టీమ్ వస్తుంది. 1990లో బతికున్న దాతల ప్రోగ్రాం మొదలుపెట్టిన ఆ టీమ్‌కి మామూలు పద్ధతిలో కుట్టిన ఆర్టరీలు గడ్డకట్టడం పెద్ద తలనొప్పయింది, దాంతో మైక్రోసర్జరీ పట్టుకొచ్చారు, ఆపరేటింగ్ మైక్రోస్కోప్ కింద వెంట్రుక కన్నా సన్నని నైలాన్ దారంతో ఒక్కో కుట్టూ విడివిడిగా వేస్తే ఆ బెడద బాగా తగ్గిందని 1992లో పేపర్ వేశారు. లోపలి పొర ఎక్కడ చిరిగిందో, వెనక గోడ సూదికి చిక్కిందో లేదో అంత పెద్దగా కనిపిస్తే తప్పు అక్కడికక్కడే దొరుకుతుంది మరి. తర్వాత చాలా సెంటర్లు ఇదే దారి పట్టాయి.

లూప్ వాళ్ళు చెప్పేదీ ఉంది: మైక్రోస్కోప్ సెటప్‌కి టైమ్ పడుతుంది, ఊపిరితో పాటు లివర్ కదులుతుంటే ఫోకస్ పోతుంది, మైక్రోస్కోప్ కింద కుట్టడం అలవాటున్న ప్లాస్టిక్ సర్జన్‌ని అర్ధరాత్రి పిలవాల్సి వస్తుంది, అలవాటైన చేతికి లూప్ చాలు. లూప్‌తో మంచి ఫలితాలు చూపించిన సెంటర్లున్న మాటా నిజమే. కాకపోతే అలాంటి లెక్క చూపించినప్పుడు అందులో చిన్నపిల్లలెంతమంది, రెండు మిల్లీమీటర్ల ఆర్టరీలెన్ని అని ముందు అడగాలి, చనిపోయిన దాత పూర్తి లివర్ కేసులు కలిపేస్తే ఏ అంకె అయినా బాగానే కనిపిస్తుంది.