క్లిప్ చూసి లీడర్ని చూశాం అనుకోకండి: పాపులిస్టుల మాటలపై అపోహలు - వాస్తవాలు

రాజకీయ ప్రసంగాలు విని టైప్ చేసుకుని, ఒకే లీడరు సభలో ఏమన్నాడు, టీవీలో ఏమన్నాడు, ఫోన్లలోకి ఏం వదిలాడు అని పక్కపక్కన పెట్టి చూడటం నా పని. పాపులిస్టు లీడర్ల గురించి, అంటే జనం తరఫున పెద్దల మీద పోరాడుతున్నా అని చెప్పుకునేవాళ్ల గురించి, ఎక్కడికెళ్లినా ఒకటే మాట, "ఆయన మనసులో ఉన్నది అనేస్తాడండీ, అన్నిచోట్లా ఒకేలా ఉంటాడు". విని విని విసుగొచ్చి రాస్తున్నా.

అపోహ: ఎక్కడైనా ఒకటే మాట.

అస్సలు కాదు. మంచి జనం ఒకవైపు, దోచుకునే పెద్దలు ఇంకోవైపు, ఈ కథ మారదు నిజమే, చెప్పే తీరు మాత్రం మొత్తం మారిపోతుంది. సభలో పేరు ఎత్తడు. "మిమ్మల్ని దోచుకుంది ఎవరో మీకు తెలీదా?" అని ఆగుతాడు, ఆ గ్యాప్‌లో పేరు జనమే అరుస్తారు. ట్రాన్స్‌క్రిప్ట్ తీస్తే అక్కడ ఒక ప్రశ్న, తర్వాత చప్పట్లు, అంతే. మర్నాడు టీవీలో యాంకర్ అడిగితే "నేనెవరి పేరూ తీయలేదే" అంటాడు, నిజమే కదా మరి, పైగా "మీరూ వాళ్ల మనుషులే" అని యాంకర్ని కూడా ఆ పెద్దల లిస్టులో కలిపేస్తాడు. ఈలోపు ఆయన టీమే ఆ అరుపు ఉన్న ముక్క కోసి ఫోన్లలోకి వదిలేస్తుంది. అక్షరం పట్టుకుని ఫ్యాక్ట్ చెక్ చేసేవాళ్లు దెబ్బ తినేది ఇక్కడే.

ఒకావిడ ఫోన్ చేసి, "మా నాన్నకీ నాకూ దీని మీద మాటల్లేవండీ, ఈయన నిజంగా అలా అన్నాడా" అని దాదాపు ఏడ్చేసింది. నాన్న చూసింది సభ క్లిప్, ఈవిడ చూసింది టీవీ ఇంటర్వ్యూ. ఇద్దరూ అబద్ధమాడట్లేదు. పూర్తి వీడియో పంపి, క్లిప్‌కి ముందూ వెనకా కాసేపు ఇద్దరూ కలిసి చూడండమ్మా అన్నా. మీరూ అదే చేయండి, ఫార్వర్డ్ చూసి ఇంట్లో గొడవలు పెట్టుకోకండి.

అపోహ: ఇదంతా సోషల్ మీడియా వచ్చాకే.

1930ల్లోనే అమెరికాలో హ్యూయీ లాంగ్ అనే సెనేటర్ రేడియోలోకి రాగానే, మీ స్నేహితులకి ఫోన్ చేసి నేనొచ్చానని చెప్పండి, అసలు విషయం తర్వాత చెప్తా అనేవాడు. ఫార్వర్డ్ చేయించడం కాకపోతే ఏంటది? వెనిజులాలో అధ్యక్షుడు చావెజ్ 1999లో మొదలెట్టిన ఆదివారం ప్రోగ్రాం గంటల తరబడి సాగేది, మంత్రులకి అక్కడే క్లాస్ పీకేవాడు.

అపోహ: టీవీలో టైమ్ ఇవ్వకపోతే, అకౌంట్ మూసేస్తే పని అయిపోతుంది.

బ్రెజిల్‌లో 2018 అధ్యక్ష ఎన్నికల మొదటి రౌండులో, పార్టీలకి టీవీలో ఉచితంగా ఇచ్చే ప్రచార టైమ్‌లో బోల్సొనారోకి ఒక్కో విడతలో దక్కింది 8 సెకన్లు. ఫేస్‌బుక్ లైవ్‌లూ వాట్సాపూ పట్టుకుని గెలిచాడు. ట్రంప్ అకౌంట్‌ని ట్విటర్ 2021 జనవరిలో తీసేసింది, 2024లో మళ్లీ గెలిచాడు. గొంతు నొక్కారు అన్నదే కొత్త స్పీచ్ అవుతుంది.

అపోహ: ఆ కోపం అప్పటికప్పుడు వచ్చిందే.

వరసగా నాలుగు సభలు వినండి. ప్రతి ఊళ్లో గొంతు అదే వాక్యం దగ్గర పూడుకుపోతుంది, కాగితం పక్కన పడేసేదీ అక్కడే.