తనంతట తాను నీళ్లు తాగే కుండీ

అడుగున నీళ్ల తొట్టి, పైన మట్టి, రెండింటినీ కలుపుతూ ఒక వత్తి. ఈ కుండీలో ఉన్న యంత్రాంగమంతా ఇంతే. దీపంలో నూనె వత్తిని పట్టుకుని పాకినట్టే ఇందులో నీళ్లు పైకెక్కుతాయి. సందు ఎంత సన్నగా ఉంటే అంత ఎత్తుకు చేరతాయి: 1 మి.మీ. వ్యాసమున్న గాజు గొట్టంలో సుమారు 3 సెం.మీ., 0.1 మి.మీ. గొట్టంలో 30 సెం.మీ. వేళ్లు పీల్చుకున్న మేరకు మట్టి ఆరుతుంది, ఆరిన మేరకు వత్తి అందిస్తుంది.

ఇంతవరకూ బాగానే ఉంది. చిక్కంతా గాలితోనే. వేళ్లకు ఆక్సిజన్ కావాలి. బంకమట్టిలో సందులు మరీ సన్నం కాబట్టి వాటన్నిటా నీళ్లే నిండిపోయి వేళ్లు కుళ్లుతాయి. అందుకే తోటమట్టి వద్దు. రెండు పాళ్లు కోకోపీట్ (కొబ్బరిపీచు పొట్టు), ఒక పాలు పెర్లైట్ (తేలికైన తెల్లని రాతి గుళికలు), ఒక పాలు వర్మీకంపోస్టు (వానపాముల ఎరువు) కలిపితే సరిపోతుంది.

చేసి చూడాలంటే 2 లీటర్ల ప్లాస్టిక్ సీసా చాలు. దాన్ని అడ్డంగా కోసి, పై భాగాన్ని తలకిందులుగా అడుగు భాగంలో కూర్చోబెట్టండి. మూతకు 6 మి.మీ. రంధ్రం చేసి వత్తి దూర్చండి. సగం మట్టిలో ఉండాలి, మిగతా సగం సీసా అడుగును తాకాలి. మూతకు 2 సెం.మీ. కింద, సీసా పక్కన చిన్న రంధ్రం పెట్టండి. నీళ్లు ఎక్కువైతే అక్కడి నుంచి పోతాయి, మూత కింద గాలి మిగులుతుంది. ఈ రంధ్రం అక్కర్లేదనుకునేవాళ్లే ఎక్కువ, మొక్కను ముంచేదీ ఆ పొరపాటే. కింది భాగానికి వెలుతురు చొరని రంగు వేస్తే పాచి పట్టదు. తెరిచి ఉన్న చోటల్లా సన్నని జాలీ కట్టండి, లేకుంటే దోమలు గుడ్లు పెడతాయి.

వత్తికి నూలు పనికొస్తుంది గానీ కొన్నాళ్లకే కుళ్లిపోతుంది. నైలాన్, పాలిస్టర్ తాళ్లు మన్నుతాయి. కొత్త తాడు మీద జిడ్డుపూత ఉంటే నీళ్లు ఎక్కవు. సబ్బునీళ్లలో ఉతికి, ఒక కొన రంగునీళ్లలో ముంచి, రంగు పైకి పాకుతోందో లేదో చూసుకోండి.

నాటిన రోజు పై నుంచే, కింద కారేదాకా పోయాలి. పొడి వత్తి, పొడి మట్టి తమంతట తాము నీటిని సరిగా అందుకోలేవు. వేళ్లు కిందికి దిగేదాకా అప్పుడప్పుడూ పై నుంచి పోస్తూనే ఉండండి. తర్వాత తొట్టి ఖాళీ అయ్యాక ఒకటి రెండు రోజులు ఆగి నింపితే మట్టిలోకి గాలి చొరబడుతుంది. నీళ్లు ఎప్పుడూ కింది నుంచి పైకే వస్తాయి కాబట్టి లవణాలు పైపొరలో తెల్లగా పేరుకుంటాయి. రెండు నెలలకోసారి పై నుంచి ధారాళంగా పోసి, కారిన నీళ్లు పారబోయండి.

పీస్ లిల్లీ, మనీ ప్లాంట్, స్పైడర్ ప్లాంట్, ఫెర్న్‌లు ఇందులో హాయిగా పెరుగుతాయి. కాక్టస్, కలబంద, స్నేక్ ప్లాంట్‌లను దీనికి దూరంగా ఉంచడమే మేలు. అవి మట్టి పూర్తిగా ఆరితేనే బాగుంటాయి.

తొట్టి నిండుగా ఉన్నా మొక్క వాడిందా? వేలు 5 సెం.మీ. లోపలికి గుచ్చండి. పొడిగా తగిలితే వత్తి పని చేయడం లేదు. తడిగా ఉంటే మొక్కను పెకలించి వేళ్లు చూడండి. గోధుమరంగులో మెత్తబడినవన్నీ కత్తిరించి, కొత్త మిశ్రమంలో, ఈసారి ఇంకాస్త సన్నని వత్తితో నాటండి.